వినడం కూడా ఒక సేవే

(ఆత్మకూరులో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. ముప్పై ఆరేళ్ళు నోట్ ఫైళ్ళు రాసిన చెయ్యి నాది. క్లుప్తంగా రాయడం వచ్చు గాని క్లుప్తంగా మాట్లాడడం అలవాటు కాలేదు. కొంచెం ఓపిక పట్టవలసిందిగా మనవి.

కరువు భత్యం గురించి, హెల్త్ కార్డుల గురించి నాకు ముందు మాట్లాడిన నాయకులు చెప్పారు. నేను ఏ జీ.వో.లోనూ కనిపించని విషయం ఒకటి చెప్పదలిచాను. మనసు విరిగిన మనిషి మన ఇంటి గడప ఎక్కితే మనం ఏం చేస్తాం? ఏం చేయాలి? ఈ సంగతి నాకు నా మేనకోడలు నేర్పింది. ఆమె సంఘసేవలో మొదలుపెట్టి, మానసిక ఆరోగ్య కౌన్సెలరుగా స్థిరపడింది. ఆమె నడిచిన దారిని, ఆమె వెనుక నేను ఆలస్యంగా వేసిన నాలుగు అడుగులను మీ ముందు పెడతాను.

ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షన్ అనేది సర్కారు దయతలచి వేసే భిక్ష కాదని, చేసిన సేవకు దక్కే హక్కు అని చెప్పింది. ఒక తేదీకి ముందు రిటైరైనవారు వేరు, తర్వాత రిటైరైనవారు వేరు అని మనుషులను విడగొట్టడం తగదని కూడా చెప్పింది. అందుకే ఈ పండుగ చేసుకుంటున్నాం. మనల్ని విడగొట్టవద్దని కోర్టుకు వెళ్ళిన జాతి మనది. కాని కుర్చీలో ఉన్నన్నాళ్ళూ మనం చేసిన పని మనుషులను విడగొట్టడమే.

నేను 1972లో ఎల్.డి.సి.గా చేరాను. అప్పుడు మన ఆత్మకూరు తాలూకా. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. నేను 2008లో దిగిపోయాక, 2016లో మనం మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వనపర్తి జిల్లాలోకి మారాం. బోర్డులు మారుతూ వచ్చాయి గాని క్లర్కు పని మారలేదు. అర్జీ వస్తుంది, చదువుతాం, అర్జీదారును ఎగాదిగా చూస్తాం. "విచారించగా అర్జీదారు అర్హుడు కాడని తేలినందున ఫైలు మూసివేయవచ్చును" అని రాసి పైకి పెడతాం. ఆ వాక్యం నేను ఎన్ని వందలసార్లు రాశానో లెక్కలేదు.

ఒకసారి వృద్ధాప్య పింఛను కోసం ఒక అవ్వ వచ్చింది. కాళ్ళకు వెండి కడియాలున్నాయి. "ఇంత వెండి పెట్టుకొని పింఛనెందుకు అవ్వా?" అన్నాను. "పెండ్లినాడు తొడిగిండ్రు నాయనా, ఊడి రావు" అంది. పక్క సీట్లవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ రోజు నాకది పెద్ద విషయంగా తోచలేదు. మనిషిని చూడగానే లెక్క కట్టగలగడం నా తెలివి అనుకునేవాణ్ణి. ఆ తెలివితోనే రిటైరయ్యాను. దఫ్తరు వదిలి వచ్చినా అది నన్ను వదలలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. నాతో పనిచేసిన అటెండరు ఒకరు నా తర్వాత ఏడాదికి రిటైరయ్యారు. ఆయన అనుమతి తీసుకునే ఇది చెబుతున్నాను. పేరు, ఊరు చెప్పను. ఆయన ఈ సభలో ఉన్నారో లేరో కూడా చెప్పను. వచ్చిన గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు అంతా కొడుకు చేనులో బోర్లకు పెట్టారు. జూరాల కాలువ అందని మెట్ట పొలం అది. మొదటి బోరు వట్టిపోయింది, రెండోదాంట్లో దుమ్ము లేచింది, మూడోది ఒక్క పంట ఇచ్చి ఆగిపోయింది. అప్పులు మిగిలాయి. కొడుకు, "నీ మాట వినే బోరు వేసిన" అని తండ్రిని అన్నాడు. తండ్రి తాగుడుకు అలవాటుపడ్డారు.

2012లో ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చారు. అరుగు మీద కూర్చున్నారు. మా ఇంటావిడ చాయ్ ఇచ్చింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "సారూ, రాత్రిళ్ళు నిద్ర వడ్తలేదు. మనాది వట్టుకున్నది" అన్నారు. నేనేం చేశానో వినండి. "పట్టదా మరి? గ్రాట్యుటీ బోర్లల్ల పోస్తివి, పింఛను సీసలల్ల పోస్తివి. నేను ఆనాడే చెప్పిన, పైసలు ట్రెజరీ బ్యాంకుల వెయ్యమని. విన్నవా?" అన్నాను. అక్కడితో ఆగలేదు. ఇంకెవరో అటెండరు ఎంత బాగా ఇల్లు కట్టుకున్నాడో, పిల్లలను ఎట్లా చదివించాడో కూడా చెప్పాను. ఆయన తల ఊపి, "నిజమే సారూ" అని లేచి వెళ్ళిపోయారు. చాయ్ తాగలేదు. గ్లాసు మీద మీగడ కట్టింది.

ఆ రాత్రి ఆయన ప్రాణం తీసుకోబోయారు. ఇంట్లోవాళ్ళు సమయానికి చూసి ఆసుపత్రికి చేర్చారు. బతికారు.

తెల్లారి నేను ఆసుపత్రికి పోయాను. మంచం చుట్టూ జనం. డ్యూటీ డాక్టరు "ఎందుకు చేసినవ్?" అని అడిగాడు. కొడుకు అడిగాడు. వాంగ్మూలం కోసం వచ్చిన కానిస్టేబులు అడిగాడు. నేనూ అడిగాను. అందరికీ ఒకటే జవాబు. గోడవైపు తిరిగి పడుకున్నారు.

మధ్యాహ్నం నా మేనకోడలు వచ్చింది. అప్పటికి ఆమె వేరే జిల్లాలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కౌన్సెలరు. సెలవు మీద ఊరికి వచ్చింది. నేను రమ్మంటే వచ్చింది. అందరినీ బయటికి పంపి, స్టూలు లాక్కొని, ఆయన తల వైపు కాక ఆయన చూస్తున్న గోడ వైపు కూర్చుంది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. "కాకా, ఇప్పుడెట్లున్నది? గొంతు మండుతున్నదా?" అని అడిగింది. అంతే. తర్వాత ఊరికే కూర్చుంది. నాకు కాళ్ళు లాగుతున్నాయి. ఇదేం పద్ధతి, ఏదైనా ధైర్యం చెప్పరాదా అనుకున్నాను. చాలాసేపటికి ఆయన, "నీళ్ళు" అన్నారు. తాగించింది. మరికొంతసేపటికి, "నా కొడుకు నా మొఖం చూస్తలేడు బిడ్డా" అన్నారు. ఆ మాట నాకు అప్పటిదాకా తెలియదు. బోర్లు, అప్పులు, తాగుడు అన్నీ నాకు తెలుసు. ఆయన మనసులో అసలు ముల్లు ఎక్కడ ఉందో తెలియదు. ముందురోజు సాయంత్రం దానికోసమే ఆయన మా అరుగు ఎక్కారు. నేను చెప్పనివ్వలేదు.

ఇంటికి వచ్చాక మేనకోడల్ని అడిగాను, "నీకు చెప్పిండు, నాకెందుకు చెప్పలే?" అని. ఆమె నన్ను నిందించలేదు. "మామా, నేనూ నీ తీరే ఉంటుంటి" అని తన సంగతి చెప్పింది.

ఆమె హైదరాబాదులో ఎం.ఎస్.డబ్ల్యు. చదివి, 1998లో ఒక స్వచ్ఛంద సంస్థలో చేరింది. మన పాలమూరు వలస మీకు కొత్త కాదు. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, కుటుంబాలకు కుటుంబాలే బొంబాయికో పూనాకో పోతాయి, బడి పిల్లలు కూడా పోతారు. ఆ పిల్లలను బడిలో నిలబెట్టడం ఆమె పని. ఒక ఊళ్ళో ఒక తల్లి బిడ్డను బడి మాన్పించి పనికి తీసుకుపోబోతే, మహిళా సంఘం సమావేశంలో పదిమంది ముందు నిలదీసింది. "తల్లివేనా నువ్వు?" అంది. అందరూ మెచ్చుకున్నారు. మర్నాడు తల్లీ బిడ్డా ఇద్దరూ బస్సెక్కి పోయారు. "ఆమెకు మేస్త్రీ దగ్గర ఎంత బాకీ ఉన్నదో నేను అడగనే లేదు మామా. అడిగితే ఏదో తొవ్వ దొరికేదేమో. నేను ఆమె తప్పు చెప్పిన గాని ఆమె కష్టం ఇనలే" అంది.

తర్వాత 2007లో ప్రభుత్వ ఆసుపత్రిలోని ఎయిడ్స్ సలహా, పరీక్షా కేంద్రంలో కౌన్సెలరు ఉద్యోగం వచ్చింది. రక్తం తీయకముందు ఒకసారి, ఫలితం వచ్చాక ఒకసారి వచ్చినవారితో మాట్లాడాలి. చేరిన కొత్తలో ఒక లారీ డ్రైవరు వచ్చాడు. పెళ్ళై ఇద్దరు పిల్లలు. ఎక్కడెక్కడ ఎట్లా తిరిగాడో చెప్పాడు. శిక్షణలో నేర్పినట్టే ఈమె ఒక్క కఠినమైన మాట కూడా అనలేదు. రక్తం ఇచ్చి పోయాడు. ఫలితం కోసం మళ్ళీ రాలేదు. "నోటితోని అనలే మామా, మొఖంతోని అన్న" అంది నా మేనకోడలు. రోగం ఉన్నదీ లేనిదీ అతనికి తెలియదు, ఇంట్లో భార్యకు తెలియదు. ఈమె ముఖం చిట్లించిన పాపానికి ఒక కుటుంబం చికిత్సకు దూరమైంది. ఆ డ్రైవరు ముఖం ఇప్పటికీ గుర్తుందట.

అప్పుడు మళ్ళీ శిక్షణకు పోయింది. అక్కడ ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టారట. ఒకరు తమ కష్టం ఐదు నిమిషాలు చెప్పాలి, రెండోవారు సలహా ఇవ్వకుండా వినాలి. ఈమె మొదటి నిమిషంలోనే సలహా ఇచ్చిందట. "అట్ల కాదమ్మా, నువ్వు ఒక పని చెయ్యి..." అని. ఐదు నిమిషాలు నోరు మూసుకోవడానికి ఆమెకు ఎన్నో రోజులు పట్టింది. ముఖాన్ని అదుపులో పెట్టుకోవడానికి ఏడాది పట్టింది. లోపల పుట్టే తీర్పును పుట్టగానే గుర్తుపట్టి పక్కన పెట్టడం ఇప్పటికీ ప్రతిరోజూ చేయవలసిన పనే అంటుంది. తర్వాత కౌన్సెలింగులో డిప్లొమా చేసి, పూర్తిగా మానసిక ఆరోగ్యం వైపు వచ్చింది.

నేను రిటైరైన క్లర్కును గదా, చేతినిండా కాలం ఉంది. ఆమె పుస్తకాలు అడిగి తీసుకొని నిఘంటువు పక్కన పెట్టుకొని చదివాను. చదివితే నా దఫ్తరు చరిత్రే కనిపించింది. ఇంగ్లండులో 1869లో ఛారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ అని ఒకటి పుట్టింది. వారు పేదల ఇళ్ళకు పోయి విచారణ చేసి, సహాయానికి తగినవారు, తగనివారు అని రెండు జాబితాలు చేసేవారు. తాగుబోతులు, సోమరులు తగనివారు. వృత్తిగా సంఘసేవ అక్కడినుంచే బయలుదేరింది. మన దేశంలో మొదటి సంఘసేవ కళాశాల 1936లో బొంబాయిలో టాటావారి పేరున వచ్చింది. అంటే సంఘసేవకుడూ క్లర్కూ దాయాదులే. ఇద్దరి చేతిలోనూ "అర్హుడు", "అనర్హుడు" అనే రెండు రబ్బరు ముద్రలుండేవి.

ఆ ముద్రలు కింద పెట్టమన్నవారిలో ఒకరు అమెరికాలో ఫాదర్ బీస్టెక్ అనే క్రైస్తవ గురువు. 1957లో "ది కేస్‌వర్క్ రిలేషన్‌షిప్" అనే పుస్తకంలో ఏడు సూత్రాలు రాశారు. ప్రతి మనిషినీ ప్రత్యేకంగా చూడడం, మనసులో ఉన్నది చెప్పుకోనివ్వడం, వినేవాడు కరుణతో ఉంటూనే తన ఉద్వేగాన్ని అదుపులో ఉంచుకోవడం, మనిషిని ఉన్నది ఉన్నట్టు అంగీకరించడం, తీర్పు చెప్పకపోవడం, తన నిర్ణయం తననే తీసుకోనివ్వడం, చెప్పింది గోప్యంగా ఉంచడం. సంఘసేవ చదివే ప్రతి విద్యార్థీ ఈ ఏడూ చదువుతాడు. నా మేనకోడలూ చదివి పరీక్ష రాసి పాసయింది. చదవడానికీ చేయడానికీ మధ్య తొమ్మిదేళ్ళు పట్టింది.

కార్ల్ రోజర్స్ అని ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవారు. ఆయన 1928 నుంచి పన్నెండేళ్ళు రోచెస్టర్ పట్టణంలో కష్టాల్లో ఉన్న పిల్లలతో పనిచేశారు. ఒక అల్లరి పిల్లవాడి తల్లికి, "తప్పు నీ పెంపకంలో ఉంది" అని ఎన్నో వారాలు ఓపికగా వివరించారు. ఫలితం లేదు. చివరికి ఇద్దరూ ఇక చాలిద్దామనుకున్నారు. ఆమె తలుపు దాకా పోయి వెనక్కి తిరిగి, "మీరు పెద్దవాళ్ళకు కూడా కౌన్సెలింగు చేస్తారా?" అని అడిగింది. కూర్చొని తన కాపురంలోని బాధ అంతా చెప్పుకుంది. అప్పటినుంచి ఆమె పరిస్థితి, పిల్లవాడి పరిస్థితి కూడా బాగుపడ్డాయట. ఎక్కడ నొప్పి ఉందో రోగికే తెలుసునని ఆ రోజు తనకు అర్థమైందని రోజర్స్ తర్వాత రాసుకున్నారు. నేను ఆ పేజీ చదివి మా అరుగు మీది చాయ్ గ్లాసు గుర్తు చేసుకున్నాను.

ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహం వస్తుంది. నాకూ వచ్చింది. "తీర్పు చెప్పకూడదంటే తప్పు చేసినవాణ్ణి మెచ్చుకోవాలా? తాగేవాడిని తాగమనాలా?" అని మేనకోడలితో వాదించాను. ఆమె చెప్పిన జవాబు ఇది. "డాక్టరు పుండును కడుగుతడు. ఎట్ల తాకిచ్చుకున్నవని తిడుతూ కడిగితే మనిషి మళ్ళ రాడు. కడిగినంత మాత్రాన పుండు మంచిదని అన్నట్టా మామా?" తాగుడు మంచిది కాదని తాగేవాడికి మనకన్నా బాగా తెలుసు. మనం చెప్పాలా?

దీనికి హద్దులు కూడా ఉన్నాయి. గోప్యత గొప్పదే గాని ప్రాణం అంతకన్నా గొప్పది. ఎవరి ప్రాణమైనా ప్రమాదంలో ఉందని తెలిస్తే కౌన్సెలరు అవసరమైనవారికి చెప్పాలి. చిన్న పిల్లల మీద లైంగిక అఘాయిత్యం జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఎవరైనా తెలియజేసి తీరవలసిందే. కౌన్సెలరు ఈ హద్దులు ముందే చెప్పి మొదలుపెడతాడు. అలాగే మాటలతో తగ్గని జబ్బులున్నాయి. వాటికి మందులు కావాలి, డాక్టరు కావాలి. ఏది ఎప్పుడు పంపాలో తెలియడం కూడా ఈ విద్యలో భాగమే.

మనం చట్టాలు తిరగేసినవాళ్ళం గనుక ఇంకొక సంగతి చెబుతాను. ఆ రోజు ఆసుపత్రికి కానిస్టేబులు ఎందుకు వచ్చాడు? అప్పట్లో ఇండియన్ పీనల్ కోడ్ సెక్షన్ 309 ప్రకారం ప్రాణం తీసుకోబోవడం నేరం. ఏడాది దాకా జైలు వేసే వీలుండేది. 1994లో సుప్రీంకోర్టు ఆ సెక్షను చెల్లదంది, 1996లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మళ్ళీ చెల్లుతుందంది. 2017లో పార్లమెంటు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చేసింది, అది 2018 మే 29న అమలులోకి వచ్చింది. అటువంటి మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నాడని భావించాలని, శిక్షించరాదని, అతనికి చికిత్స, సంరక్షణ ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అని దాని 115వ సెక్షను చెప్పింది. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షనే లేదు. ప్రభుత్వ ఉద్యోగిని ఒత్తిడి చేయడానికి అలా చేస్తే మాత్రమే నేరమని వేరే సెక్షను ఉంది. చూశారా, చట్టమే తీర్పు చెప్పడం మానుకొని "ఏం కష్టం వచ్చింది?" అని అడగడం నేర్చుకుంది. మనం నేర్చుకోలేమా?

మన ఊళ్ళలో మనసు జబ్బుకు మనం పెట్టిన పేర్లు చూడండి. ఆడమనిషి అయితే గాలి సోకిందంటాం, ఎవరో బాణామతి చేశారంటాం. ఆ నింద మోసిన బీద ముసలమ్మల గతి ఏమైందో తెలంగాణలో మన తరానికి తెలుసు. మగవాడైతే "ఎర్రగడ్డకు తోలాలె" అని నవ్వుతాం. ఎర్రగడ్డలో ఉన్నది ప్రభుత్వ మానసిక ఆసుపత్రి. ఎందరికో నయం చేసిన చోటు. నిమ్స్ పేరు చెప్పి ఎవరినైనా ఎగతాళి చేస్తామా? ఎర్రగడ్డ పేరును మాత్రం తిట్టుగా మార్చుకున్నాం. ఆ తిట్టుకు భయపడే ఎంతమందో డాక్టరు దగ్గరికి పోకుండా ఇంట్లోనే కుమిలిపోతున్నారు.

ఇదంతా పెద్ద చదువులు చదివినవాళ్ళ పని, మనవంటి ముసలివాళ్ళకెందుకు అనవచ్చు. ఆఫ్రికాలో జింబాబ్వే అనే దేశం ఉంది. కోటికి పైగా జనం, మానసిక వైద్యులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. అక్కడ డిక్సన్ చిబాండా అనే వైద్యుడు 2006లో పద్నాలుగు మంది అవ్వలను చేరదీసి, ఆసుపత్రి ఆవరణలో చెట్టు కింద ఒక బల్ల వేసి, వచ్చినవారి కష్టం వినడం నేర్పించాడు. దానికి స్నేహ బల్ల అని పేరు. వాళ్ళ భాషలో ఈ బాధను "కుఫుంగిసిస" అంటారు. అంటే అతిగా ఆలోచించడం. మన తెలంగాణలో రంది అన్నా, మనాది అన్నా ఇంచుమించు అదే. 573 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2016లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చాయి. ఆరు నెలల తర్వాత మామూలు వైద్యం పొందినవారిలో సగం మందికి దిగులు జబ్బు లక్షణాలు మిగిలి ఉంటే, బల్ల మీద అవ్వలతో మాట్లాడినవారిలో నూటికి పద్నాలుగు మందికే మిగిలాయి.

లండన్‌లో 1953లో చాడ్ వారా అనే మతగురువు, చావాలనిపించినవారు ఫోను చేయండని ప్రకటించాడు. జనం వచ్చి ఆయన గది ముందు కూర్చునేవారు. వరుసలో ఉన్నవారికి టీ ఇవ్వడానికి కొందరు మామూలు మనుషులను పెట్టుకున్నాడు. కొద్దిరోజుల్లో ఆయన ఒకటి గమనించాడు. టీ ఇచ్చేవారితో మాట్లాడి చాలామంది ఆయనను కలవకుండానే తేలికపడి వెళ్ళిపోతున్నారు. సమారిటన్స్ అనే సంస్థ అట్లా నిలబడింది. ఆ బాటలోనే మద్రాసులో 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ స్నేహ సంస్థను స్థాపించారు. మన సికింద్రాబాదులో రోష్ని అనే సంస్థ 1997 నుంచి ఫోనులో జనం బాధలు వింటున్నది. వినేవారు జీతగాళ్ళు కారు, శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులు.

ఇది చదివినప్పుడు నాకు మన రచ్చకట్ట గుర్తుకు వచ్చింది. రచ్చకట్ట మీద కూర్చొని పంచాయితీ చెప్పడం మనకు తరతరాలుగా వచ్చు. అదే కట్ట మీద కూర్చొని ఊరికే వినడం నేర్చుకుంటే అదే స్నేహ బల్ల.

అందువల్ల మన పెన్షనర్లకు నాలుగు మాటలు మనవి చేస్తున్నాను. ఎవరైనా కష్టం చెప్పుకోవడానికి వస్తే "నేను ముందే చెప్పిన" అనే మాట అనకండి. "నీకన్నా కష్టమున్నోళ్ళు లేరా", "మగోడివి ఏడుస్తవా", "నీకేం తక్కువ" అనే మాటలు కూడా మానండి. ఇవన్నీ నేను అన్నవే, అనుభవంతో చెబుతున్నాను. సలహా నాలుక చివరకు వస్తే చాయ్ గుక్క వేసి మింగండి. అనుమానం వస్తే, "చచ్చిపోవాలనిపిస్తున్నదా?" అని మెల్లగా, సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతాం. అది నిజం కాదని వైద్యులు చెబుతున్నారు. అడిగితే వాళ్ళకు గుండె బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. పురుగుమందుల వంటివి ఇంట్లో అందుబాటులో లేకుండా చూడండి. వెంట ఉండి డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. 14416 అనే నంబరు డైరీలో రాసుకోండి. టెలి మానస్ అని 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన సేవ అది. పైసా ఖర్చు లేదు. రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు.

సంఘానికి ఒక విన్నపం. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ల కోసం అందరమూ ఇక్కడికి వస్తాం. బతికి ఉన్నామని కాగితం మీద సంతకం పెడతాం. ఎట్లా బతుకుతున్నామని ఎవరూ అడగరు. భార్య పోయినవారు, భర్త పోయినవారు, పిల్లలు దూర దేశాల్లో ఉన్నవారు మనలో ఎందరో ఉన్నారు. నెలకు ఒకరోజు ఈ భవనంలో ఒక మూల రెండు కుర్చీలు వేద్దాం. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వారిని అడిగి, ఇష్టమున్న నలుగురైదుగురం వినడంలో శిక్షణ తీసుకుందాం. మనం కౌన్సెలర్లం కాలేము, కావద్దు కూడా. కష్టంలో ఉన్న మనిషి కౌన్సెలరు దాకా చేరేవరకు తోడు ఉండగలం. ఈ మేరకు తీర్మానం చేయవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను.

ఆ మిత్రుని సంగతి చెప్పి ముగిస్తాను. నా మేనకోడలు ఆయన్ను డాక్టరుకు చూపించింది, కొన్నాళ్ళు మందులు వాడారు. తండ్రీ కొడుకులను విడివిడిగా విని, తర్వాత ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టింది. తాగుడు వెంటనే మానలేదు. మధ్యలో రెండుసార్లు జారారు. ఆ రెండుసార్లూ నన్ను తప్పించుకు తిరగకుండా మా అరుగు మీదికే వచ్చారు. దాన్ని నేను నాకు దొరికిన ప్రమోషనుగా లెక్కపెట్టుకుంటాను. అప్పు ఇంకా కొంత ఉంది. నాలుగో బోరు వేయలేదు.

ఒకరోజు ధైర్యం చేసి, "ఆనాడు నేనట్ల మాట్లాడకపోతే..." అని మొదలుపెట్టాను. ఆయన చేయి అడ్డం పెట్టి, "పోనీయ్ సారూ, చాయ్ తాగు" అన్నారు. నా మీద తీర్పు చెప్పే హక్కు ఎవరికైనా ఉంటే ఆయనకే ఉంది. ఆయన చెప్పలేదు.

నా సర్వీసులో ఎన్నో ఫైళ్ళు మూసివేయవచ్చునని రాశాను. ఈ ఒక్కటి తెరిచి ఉంచవలసిందిగా మీ అందరినీ వేడుకుంటున్నాను.